లేపేది ఒకటి, మోసేది మరొకటి

ట్రాలీ జాకీ అట్టపెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో అచ్చయ్యేది టన్నుల అంకె. 2 టన్నులు, 3 టన్నులు, 4 టన్నులు. కొనేవాడి చూపు దాని మీదే పడుతుంది, కొట్టువాడి మాట దాని చుట్టూనే తిరుగుతుంది. ఇంటి దగ్గర టైరు మార్చుకోవడానికో, బ్రేక్ ప్యాడ్లు చూసుకోవడానికో జాకీ కొనేవాడు నిజానికి అన్నిటికంటే తక్కువ బుర్ర బద్దలు కొట్టుకోవాల్సింది ఈ అంకె గురించే.

లెక్క వేసి చూస్తే తేలిపోతుంది. మారుతి స్విఫ్ట్ లాంటి చిన్న కారు ఖాళీగా ఉన్నప్పుడు అటూ ఇటుగా 900 కిలోలు తూగుతుంది. ఇంజను ముందుంటుంది కాబట్టి అందులో ఇంచుమించు అయిదింట మూడు వంతులు, అంటే 540 కిలోలు, ముందు చక్రాల మీద పడుతుంది. ఒక్క ముందు చక్రాన్ని గాల్లోకి లేపాలంటే జాకీ మొయ్యాల్సింది మూడు వందల కిలోల లోపే. 1,800 కిలోల చుట్టుపక్కల ఉండే ఇన్నోవా క్రిస్టా ముందు భాగం మొత్తాన్ని ఒకేసారి లేపినా బరువు వెయ్యి కిలోల దగ్గరే ఆగుతుంది. 2 టన్నుల జాకీకి అదో లెక్క కాదు. అయినా పెద్ద బండి ఉన్నవాళ్లు 3 టన్నులది తీసుకోవడంలో అర్థముంది. టన్నులు పెరిగే కొద్దీ జాకీ పొడుగు, వెడల్పు, చక్రాల మధ్య ఎడం పెరుగుతాయి. ఎక్కువ ఎత్తుకు లేపుతుంది, పక్కకి ఒరగడం తగ్గుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో గ్యారేజీ ఉన్న ఇంట్లో కాపురముంటూ జాకీ కొనే తెలుగువాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికా టన్ను అంటే 2,000 పౌండ్లు, 907 కిలోలు మాత్రమే. అక్కడి 3 టన్నుల జాకీ మన లెక్కలో 2,700 కిలోల చిల్లర.

టన్నుల సంగతి అంతే. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. లేచిన బండి లేచినచోటే ఆగి ఉందంటే, దాన్ని ఆపుతున్నదేమిటి?

ఒక మామూలు ట్రాలీ జాకీ కడుపులో ఏముంటుందో చూద్దాం. హ్యాండిల్ ఆడించినప్పుడు కదిలే చిన్న పిస్టన్ వ్యాసం 12 మిల్లీమీటర్లు అనుకుందాం, బండిని లేపే పెద్ద పిస్టన్‌ది 36. వ్యాసం మూడు రెట్లయితే వైశాల్యం తొమ్మిది రెట్లు. హ్యాండిల్ చివర చెయ్యి 20 కిలోల బలంతో నొక్కిందంటే, మీట దాన్ని ఇరవై రెట్లు చేసి చిన్న పిస్టన్‌కు 400 కిలోలుగా అందిస్తుంది. నూనె దాన్ని మళ్లీ తొమ్మిది రెట్లు చేస్తుంది. పెద్ద పిస్టన్ దగ్గర 3,600 కిలోలు! అయితే ట్రాలీ జాకీలో పెద్ద పిస్టన్ నేరుగా కారును తాకదు. ఒక పొడవాటి ఉక్కు చేతిని దాని కీలుకు దగ్గరగా నెడుతుంది. ఆ చేతి చివర, కారుకు ఆనే గుండ్రటి పళ్లెం దగ్గరికి వచ్చేసరికి బలం నాలుగో వంతుకు పడిపోయి 900 కిలోలు మిగులుతుంది. రాపిడి కింద ఇంకొంత పోతుంది. బలం ఇంతగా పెరిగినందుకు దూరం చెల్లించుకోవాలి. చెయ్యి 60 సెంటీమీటర్లు కదిలితే కారు లేచేది సుమారు 1.3 సెంటీమీటర్లు. హ్యాండిల్ అన్నిసార్లు కొట్టాల్సి రావడం జాకీ లోపం కాదు, అది ఈ లెక్క ఫలితం.

మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ పీడనం అన్ని వైపులకూ తగ్గకుండా పాకుతుందని చెప్పినవాడు ఫ్రెంచి పండితుడు బ్లేజ్ పాస్కల్. ద్రవాల సమతౌల్యం మీద అతని గ్రంథం అతను పోయిన మరుసటి ఏడాది, 1663లో అచ్చయింది. సూత్రం తెలిశాక యంత్రం రావడానికి ఇంకో నూట ముప్ఫై ఏళ్లు పట్టింది. లండన్‌లో తాళాల తయారీకి పేరుపడ్డ జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంటు తీసుకున్నాడు. అతన్ని ఏడిపించింది బలం కాదు, కారడం. ఒత్తిడి పెంచితే పిస్టన్ పక్కల నుంచి నీళ్లు చిమ్మేవి; గట్టిగా బిగిస్తే పిస్టన్ కదిలేది కాదు. దీనికి విరుగుడు కనిపెట్టిన ఘనత అతని దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లేకి ఇస్తారు. గిన్నెలా వంచిన తోలు ఉంగరాన్ని పిస్టన్ చుట్టూ కూర్చాడు. లోపల ఒత్తిడి పెరిగే కొద్దీ గిన్నె అంచు విచ్చుకుని గోడకు ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. తోలు పోయి రబ్బరు వచ్చింది తప్ప ఇప్పటి జాకీల్లోనూ చాలావాటిలో పనిచేసేది ఆ ఉపాయమే. న్యూయార్క్‌లో రిచర్డ్ డడ్జన్ 1851లో చేత్తో మోసుకెళ్లే హైడ్రాలిక్ జాకీకి పేటెంటు పొందాడు.

లేచిన బండిని ఆపుతున్నదేమిటన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు దొరుకుతుంది. స్విఫ్ట్ ముందు భాగం జాకీ మీద ఉందనుకుంటే, పై కొలతల ప్రకారం లోపలి నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 210 కిలోల పైమాట. టైరులో ఉండే గాలి ఒత్తిడికి ఇంచుమించు తొంభై రెట్లు. అంత ఒత్తిడిలో ఉన్న గరిటెడు నూనెను బయటికి పోనివ్వకుండా ఆపుతున్నవి మూడే: పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు రింగు, నూనె వెనక్కి పోకుండా రంధ్రం మీద కూర్చున్న చిన్న ఉక్కు గుండు, బండి దించడానికి తిప్పే స్క్రూ. గుండు కూర్చునే చోట ఇసుకరేణువంత లోహపు పొడి ఇరుక్కున్నా చాలు, నూనె సన్నగా జారుకుంటుంది. కారు కంటికి తెలియనంత నెమ్మదిగా దిగుతుంది. రబ్బరు రింగు ఒక్కసారిగా తెగితే నెమ్మదిగా కాదు.

స్క్రూ జాకీ కథ వేరు. దాని మర చుట్ల వాలు చాలా తక్కువ. బరువు కిందికి తోసే బలం కంటే చుట్ల మధ్య రాపిడి ఎక్కువ కాబట్టి చెయ్యి తీసేసినా అది వెనక్కి తిరగదు. రోడ్లు ఎత్తు పెరిగి పల్లంలో పడిపోయిన ఇళ్లను మన పట్టణాల్లో పునాది దగ్గర కోసి పైకి లేపుతున్నారు కదా, ఆ పనికి హర్యానా నుంచి వచ్చే బృందాలు వందల కొద్దీ వాడేవి ఎక్కువగా స్క్రూ జాకీలే. అవి కూడా ఊరికే వదిలెయ్యరు. ఇల్లు లేచిన మేరకు కింద ఇటుకలు పేర్చుకుంటూ పోతారు.

ఆ జాగ్రత్త విలువ ఎంతో చరిత్రలో ఒకచోట కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. వేల్స్‌లో మెనాయ్ జలసంధి మీద ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్‌సన్ బ్రిటానియా రైలు వంతెన కడుతున్నాడు. రైలు లోపలినుంచి పోయేంత పెద్ద ఇనుప గొట్టాలు, ఒక్కొక్కటి 1,500 టన్నులకు పైబడ్డవి, నీటి మీద తేల్చి తెచ్చి హైడ్రాలిక్ ప్రెస్సులతో స్తంభాల మీదికి లేపాలి. ప్రెస్సు ఎంత బలమైనదైనా గొట్టం లేచిన ప్రతి కాస్త ఎత్తుకూ కింద ఆసరా పేర్చి తీరాలని స్టీఫెన్‌సన్ పట్టుపట్టాడు. పని నత్తనడకన సాగినా వినలేదు. 1849 ఆగస్టు 17న ప్రెస్సు సిలిండరు అడుగు ఊడిపోయింది. ఆ ముక్క తగిలి ఒక మనిషి చనిపోయాడు. గొట్టం మాత్రం ఎనిమిది, తొమ్మిది అంగుళాలు పడి కింద పేర్చిన ఆసరా మీద ఆగింది. ఆ ఆసరా లేకపోతే గొట్టం జలసంధి అడుక్కి చేరేదే, వంతెనా ఆగిపోయేదే.

ఇంటి గ్యారేజీలో ఆ ఆసరా పేరు స్టాండు. మూడు లేక నాలుగు కాళ్ల ఉక్కు పీట, మధ్యలో ఎత్తు సరిచేసుకునే నిలువు కడ్డీ. జాకీతో లేపి, బరువును స్టాండ్ల మీదికి దించి, ఆ తర్వాతే కిందికి దూరాలి. ట్రాలీ జాకీ కొనేవాళ్లు డబ్బులు మిగుల్చుకోవడానికి మొదట కోసేసేది ఈ స్టాండ్ల జతనే. ఆ బేరం తలకిందులు. చవక జాకీతో పాటు మంచి స్టాండ్లున్నవాడు, ఖరీదైన జాకీ ఉండి స్టాండ్లు లేనివాడి కంటే ఎంతో క్షేమం.

మరి స్టాండ్లు ఎప్పుడూ తప్పు చెయ్యవా? చేశాయి. అమెరికాలో ఊరూరా శాఖలున్న హార్బర్ ఫ్రైట్ అనే పనిముట్ల సంస్థ పిట్స్‌బర్గ్ పేరుతో అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను 2020లో వెనక్కి పిలిచింది. విడతల వారీగా ఆ లెక్క 17 లక్షల దాకా పోయింది. అవి పళ్ల కడ్డీ రకం. కడ్డీ పైకి లాగుతుంటే టిక్కు టిక్కుమంటూ ఒక్కో పన్ను మీద ఒక కొక్కెం పడుతుంది. కర్మాగారంలో అచ్చులు అరిగిపోవడంతో కొన్నిటిలో ఆ కొక్కెం పంటి లోపలికి పూర్తిగా దిగలేదు. కారు బరువు మీద ఉండగా కాస్త కదిలితే కొక్కెం జారి కడ్డీ ఒక్కసారిగా కూలిపోవచ్చు. కథ అక్కడితో ముగియలేదు. వాటికి బదులుగా ఇచ్చిన స్టాండ్లలో కొన్నిటికి వెల్డింగు లోపం బయటపడి అదే ఏడాది వాటినీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఈ ఉదంతం నుంచి కొనేవాడికి పనికొచ్చే సంగతి ఒకటుంది. కడ్డీకీ గొట్టానికీ రంధ్రాలుండి వాటిలోంచి మందపాటి ఉక్కు పిన్ను దూర్చే రకం స్టాండు ఎత్తు సర్దడానికి కాస్త విసుగు పుట్టిస్తుంది. కానీ పిన్ను అటు చివర బయటికి వచ్చిందా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది. కొక్కెం పంట్లో ఎంత లోతు దిగిందో కనిపించదు. పళ్ల రకమే నచ్చితే దానికి అదనంగా అడ్డుపిన్ను కూడా ఉన్నది చూసుకోవచ్చు. ఏ రకమైనా బరువు దించిన తర్వాత, కిందికి దూరక ముందు, కారును పక్క నుంచి భుజంతో గట్టిగా ఊపి చూడాలి. పడేదేదో మనిషి బయట ఉండగానే పడాలి.

స్టాండ్లకు బదులు ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టేవాళ్లున్నారు. ముఖ్యంగా బోలు సిమెంటు దిమ్మెలు గోడలో ఉన్నప్పుడు చాలా బరువు మోస్తాయి, ఎందుకంటే అక్కడ బరువు వాటి మీద సమంగా పరుచుకుంటుంది. కారు కింది అంచు లాంటి సన్నటి చోటు వాటి మీద ఆనితే ముందు పగులు కనిపించదు, చప్పుడు రాదు, ఒక్కసారిగా పొడి అయిపోతాయి. అంతకంటే అడ్డంగా నిలువుగా పేర్చిన మందపాటి చెక్కలు నయం. చెక్క నలిగేటప్పుడు కిర్రుమని చెబుతుంది. ఊడదీసిన చక్రాన్ని పక్కన పారెయ్యకుండా కారు అంచు కిందికి తోసి ఉంచడం మన షెడ్డుల్లో పాత అలవాటు. స్టాండుకు అది బదులు కాదు గానీ, స్టాండుకు తోడుగా దానికంటే చవకైన రక్షణ లేదు.

ఇక నేల. ట్రాలీ జాకీకి ఇనుప చక్రాలు ఎందుకున్నాయి అంటే తోసుకుపోవడానికి అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. జాకీ చెయ్యి కీలు చుట్టూ తిరుగుతూ లేస్తుంది కాబట్టి దాని చివర పళ్లెం నిటారుగా పోదు, వంపు తిరుగుతూ పోతుంది. చేతి పొడవు 45 సెంటీమీటర్లున్న జాకీలో పళ్లెం పై దాకా లేచేసరికి అయిదారు సెంటీమీటర్లు వెనక్కి, హ్యాండిల్ వైపుకు జరుగుతుంది. పైన కారు కదలదు కాబట్టి జాకీయే ఆ మేరకు ముందుకు దొర్లాలి. దొర్లలేకపోతే? కారునైనా తన వైపు లాగుతుంది, లేదా పళ్లెం ఆనిన చోటు నుంచి జారుతుంది. కంకర మీద, మట్టి మీద, పార్కింగ్ టైళ్ల సందుల్లో చక్రం చిక్కుకుంటే జరిగేది ఇదే. మే నెల ఎండలో తారురోడ్డు మీద ఆ సన్నటి చక్రాలు మెత్తబడ్డ తారులోకి దిగబడతాయి. కింద మందపాటి ప్లైవుడ్ పలక వేసుకుంటే సగం గొడవ తీరుతుంది. జాకీ చక్రాలకు మాత్రం ఎప్పుడూ అడ్డం పెట్టకూడదు.

అడ్డం పెట్టాల్సింది కారు చక్రాలకు. లారీ ఆగగానే క్లీనరు దిగి టైరుకు రాయి వేసేది ఊరికే కాదు. చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక భాగం లేపితే ఆ పట్టు గాల్లో ఉంటుంది. గేరులో పెట్టానుగా అంటారు కొందరు. ముందు చక్రాలతో నడిచే కారులో ఒక్క ముందు చక్రాన్ని లేపితే గేరు పట్టు కూడా దాదాపు పోయినట్టే. రెండు చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్, గాల్లో ఉన్న చక్రాన్ని ఒకవైపు తిరగనిచ్చి నేల మీది చక్రాన్ని ఇంకోవైపు దొర్లనిస్తుంది. స్టిల్ట్ పార్కింగుల్లో నీళ్లు పోవడానికి ఇచ్చిన కాస్త వాలు చాలు ఇది జరగడానికి.

కొట్లో జాకీని చేతిలోకి తీసుకున్నప్పుడు మొదట చూడాల్సింది పూర్తిగా దించినప్పటి ఎత్తు. మామూలు ట్రాలీ జాకీలు 13, 14 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి. లో ప్రొఫైల్ అనే రకం 8 నుంచి 10 దాకా దిగుతుంది. ఇంటి కారు అంచు కింద ఎంత ఖాళీ ఉందో కొలుచుకుని వెళ్లాలి. అదీ టైరులో గాలి లేనప్పటి ఖాళీ, ఎందుకంటే జాకీ అవసరం పడేది అప్పుడే. ఎస్‌యూవీ వాళ్ల కష్టం దీనికి తలకిందులు: కింద దూరడం తేలికే, జాకీ పై చివరకు వచ్చినా టైరు నేల వదలదు. పళ్లెం మీద చెక్కముక్క పెట్టి ఎత్తు సరిపెట్టుకోవడం షెడ్డుల్లో కనిపిస్తుంది గానీ, పళ్లెం వంపు తిరిగేటప్పుడు చెక్క జారే ప్రమాదం కూడా ఉంటుంది. ఎత్తు చాలే జాకీ కొనడమే మేలు.

తర్వాత దించే పద్ధతి. హ్యాండిల్‌ను అపసవ్యంగా కొద్దిగా తిప్పితే బండి ఎలా దిగుతుందో కొట్లోనే బరువు పెట్టి చూపించమనాలి. మంచి జాకీ ఎంత తిప్పితే అంతే దిగుతుంది. నాసిరకం జాకీలో కాస్త తిప్పితే కదలదు, ఇంకాస్త తిప్పితే ధబ్బున పడుతుంది. వదిలెయ్యగానే హ్యాండిల్ తనంతట తను మూసుకునే ఏర్పాటున్నవి కూడా దొరుకుతాయి. రెండు మూడు వేలు ఎక్కువైనా వాటివైపే మొగ్గవచ్చు. రెండు పంపు పిస్టన్లుండి నాలుగు దెబ్బల్లో లేపుతాయని ప్రకటించే జాకీలు చేతికి సుఖమే తప్ప భద్రతకు వాటితో సంబంధం లేదు.

అధిక భారం పడితే నూనెను తనే పక్కకు వదిలి లేపడం ఆపేసే వాల్వు ఉందో లేదో అడగాలి. కొందరు మెకానిక్కులు 'జాకీ ఎత్తట్లేదు' అంటే ఆ స్ప్రింగును బిగించి పంపుతారు. అది జాకీని బాగు చెయ్యడం కాదు. భద్రతా ప్రమాణాల సంగతికొస్తే, అమెరికాలో మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఎ.ఎస్.ఎమ్.ఇ. వారి పేస్ ప్రమాణం, ఐరోపాలో ఇ.ఎన్. 1494 ఇలాంటి పరికరాల కోసమే ఉన్నాయి. ఆస్ట్రేలియా ఇంకో అడుగు ముందుకేసి ట్రాలీ జాకీలకు, స్టాండ్లకు భద్రతా ప్రమాణాన్ని చట్టప్రకారం తప్పనిసరి చేసింది. ఇంటి దగ్గర కారు కింద నలిగి చనిపోయినవాళ్లు మగవాళ్లేననీ, చాలా సందర్భాల్లో బండిని తప్పుగా లేపడమో తప్పుగా నిలపడమో కారణమనీ అక్కడి వినియోగదారుల కమిషన్ హెచ్చరిస్తూ వచ్చింది. ఆ జాబితాలో కొత్తవాళ్లే ఉంటారనుకోనక్కర్లేదు. ఎన్నోసార్లు ఏమీ కాకపోవడమే చాలామందికి ధైర్యం.

కారుతో పాటు డిక్కీలో వచ్చే కత్తెర జాకీ గురించి ఒక మాట. అది స్క్రూ కాబట్టి తనంతట దిగదు, ఆ మేరకు మంచిదే. దాని చేతులు నేలకు 15 డిగ్రీల కోణంలో పడుకుని ఉన్నప్పుడు స్క్రూ మీద పడే లాగు, పైనున్న బరువుకు మూడున్నర రెట్లు దాటుతుంది. 45 డిగ్రీలకు లేచేసరికి బరువుతో సమానమవుతుంది. మొదట్లో తిప్పడం అంత కష్టంగా ఉండేది అందుకే. అయితే దాని అడుగు అరచేతి వెడల్పే. పక్క నుంచి తోపు తగిలితే ఒరిగిపోతుంది. రోడ్డు పక్కన స్టెప్నీ మార్చుకోవడానికి తప్ప దానికి వేరే పని చెప్పకూడదు.

అల్యూమినియమా, ఉక్కా అన్నది నడుముకు సంబంధించిన ప్రశ్న. 3 టన్నుల ఉక్కు జాకీ 35 కిలోలు దాటవచ్చు, అల్యూమినియంది దానికంటే బాగా తేలిక. మూడో అంతస్తులో ఉండి జాకీని లిఫ్టులో దించుకునేవాళ్లకు తేడా తెలుస్తుంది, గ్యారేజీలో మూలన పడేసుకునేవాళ్లకు తెలియదు.

చివరగా అడగాల్సింది రబ్బరు రింగుల కిట్టు విడిగా దొరుకుతుందా అని. జాకీ ఇనుము ఇరవై ఏళ్లు ఉంటుంది, రింగులు ఉండవు. పేరు లేని జాకీకి పాత రింగు పట్టుకుని ఆటోనగర్ అంతా తిరిగినా సరిగ్గా అదే కొలత దొరక్కపోవచ్చు. నూనె తగ్గితే జాకీకి చెప్పిన హైడ్రాలిక్ ఆయిలే పొయ్యాలి. చేతికందింది కదా అని బ్రేక్ ఆయిల్ పోస్తే, ఖనిజతైలానికి తగ్గట్టు చేసిన ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడి పాడైపోతుంది. పని అయ్యాక పూర్తిగా దించి, పిస్టన్ లోపలికి పోయేలా పెట్టాలి. బయట ఉన్న పిస్టన్ వానాకాలపు చెమ్మకు తుప్పు పడుతుంది, ఆ గరుకు తర్వాత లేపినప్పుడల్లా రింగును గీస్తూ పోతుంది. హ్యాండిల్ కొడుతుంటే స్పాంజిలా మెత్తగా ఉండి కారు లేవకపోతే లోపల గాలి చేరినట్టు. దించే స్క్రూ వదులు చేసి, బరువేమీ లేకుండా హ్యాండిల్ పదిపదిహేనుసార్లు ఆడిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. సర్దుకోక, బరువు మీద ఉంచిన జాకీ పావుగంటలో వేలెడు దిగిందంటే అది రింగులు మార్చాల్సిన జాకీ. అవి మార్చేదాకా దాన్ని ఇంట్లో ఇంకెవరూ తీసి వాడకుండా హ్యాండిల్ ఊడదీసి వేరే చోట పెట్టడం మంచిది.